గఢ్వాల్ కొండల కబురు

బదరీనాథ యాత్ర చేసి వచ్చినవారు మన ప్రాంతంలో ఇంచుమించు ప్రతి ఊళ్ళోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. వెనుకటి రోజులలో ఆ యాత్ర కాలినడకన సాగేది. వెళ్ళినవారు తిరిగి వస్తారన్న నమ్మకం లేక, బయలుదేరే ముందు బంధువులందరి వద్దా సెలవు పుచ్చుకొనేవారు. నేడు బస్సులు బదరీనాథం వరకూ పోతున్నాయి. ప్రయాణం సుఖమైనది. అయినా 2013 జూన్ 16, 17 తేదీలలో కేదారనాథం మీదికి నీరు, బురద, బండరాళ్ళు కలిసి వచ్చి పడినప్పుడు, ఆ వరదలలో ఉత్తరాఖండంలో నాలుగు వేల మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. ఆ కొండలలో చిక్కుకొన్న యాత్రికులలో తెలుగువారు కూడా అనేకులు. ఈ కొండలు ఎందుకిట్లా ఆగ్రహించాయని అప్పుడు చాలమంది ప్రశ్నించుకొన్నారు.

కొండలకు ఆగ్రహమూ లేదు, అనుగ్రహమూ లేదు. వాటికి ఒక స్వభావం మాత్రం ఉన్నది. ఆ స్వభావాన్ని తెలుసుకొనడానికి భూగర్భశాస్త్రం ఒక మార్గం. చరిత్ర మరొక మార్గం. గఢ్వాల్ ప్రాంతపు చరిత్రను గత 220 సంవత్సరాల మేరకు పరిశీలిస్తే భూకంపాలు, యుద్ధాలు, వరదలు, ప్రజల పోరాటాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని కనిపిస్తాయి. వాటినన్నింటినీ వరుసగా చూచినప్పుడు ఒక విషయం స్పష్టపడుతుంది. కొండ విరిగిపడటం ప్రకృతి పని. దానిని ఆపడం చాలా సందర్భాలలో మనుష్యుల వల్ల కాదు. కాని ప్రమాదవార్త దిగువనున్న వారికి సకాలంలో చేరడం, చేరిన వార్తను వారు, వారి పాలకులు లక్ష్యపెట్టడం పూర్తిగా మనుష్యుల పని. విపత్తు ఎంత పెద్దదో చాలవరకు ఈ రెండవ విషయమే నిర్ణయిస్తుంది.

కొండల నిర్మాణం

గఢ్వాల్ అనేది ఉత్తరాఖండ రాష్ట్రపు పశ్చిమ భాగం. గోముఖం వద్ద పుట్టిన భాగీరథి, బదరీనాథానికి ఎగువనున్న హిమానీనదాలలో పుట్టిన అలకనంద దేవప్రయాగ వద్ద కలుస్తాయి. అక్కడినుంచి ఆ నదికి గంగ అని పేరు. దేవప్రయాగకు పైన అలకనంద మీద విష్ణుప్రయాగ, నందప్రయాగ, కర్ణప్రయాగ, రుద్రప్రయాగ అనే నాలుగు సంగమాలున్నాయి. ఊళ్ళు, రోడ్లు, వంతెనలు, సత్రాలు అన్నీ ఈ నదుల వెంబడే ఉన్నాయి. అందువల్ల ఎగువన ఏది జరిగినా దాని ఫలితం దిగువకు నది దారినే వస్తుంది.

హిమాలయాలు వయస్సులో చిన్నవి. భారత ఫలకం ఉత్తరంగా జరుగుతూ ఆసియా ఫలకంతో ఢీకొనడం వలన ఇవి ఏర్పడినవి. ఆ ఒత్తిడి నేటికీ ఆగలేదు. హిమాలయ ప్రాంతంలో ఈ కదలిక సంవత్సరానికి సుమారు 2 సెంటీమీటర్లు. మన చేతిగోరు ఒక సంవత్సరంలో పెరిగే పొడవులో ఇది ఇంచుమించు సగం. ఇది స్వల్పమనిపించవచ్చును. కాని లోతున శిలలు ఒకదానికొకటి బిగిసి ఉండటం వలన కదలవలసిన శిల కదలక, విల్లువలె వంగుతూ పోతుంది. కొన్ని దశాబ్దాలకో శతాబ్దాలకో ఆ బిగువు ఒక్కసారిగా సడలుతుంది. దానినే మనం భూకంపం అంటున్నాము.

దీనికి మరి రెండు కారణాలు తోడవుతాయి. వేగంగా పారే నదులు కొండల పాదాలను నిరంతరం కోస్తుంటాయి. నైరుతి ఋతుపవనాలు తెచ్చే వర్షం శిలల పొరల మధ్యకు ఇంకి, పొరకూ పొరకూ మధ్యనుండే రాపిడిని తగ్గిస్తుంది. పునాది కోసుకుపోయి, పొరలు జారుడుబల్లవలె అయినప్పుడు కొండచరియ విరిగిపడుతుంది. గఢ్వాల్ చరిత్రకు ఇది రంగస్థలం.

భూకంపం తరువాత దండయాత్ర

పద్దెనిమిదవ శతాబ్దాంతంలో గఢ్వాల్ ఒక స్వతంత్ర రాజ్యం. దాని రాజధాని అలకనంద ఒడ్డునున్న శ్రీనగరం. కాశ్మీరులోని శ్రీనగరం వేరు, ఇది వేరు. తూర్పున నేపాలు గూర్ఖాలు బలపడి, 1790లో పొరుగునున్న కుమావూను జయించారు. మరుసటి సంవత్సరం గఢ్వాల్ మీదికి వచ్చి లంగూర్‌గఢ్ కోటను ముట్టడించారు. అదే సమయంలో టిబెట్టు వైపునుంచి చైనా సైన్యం నేపాలు మీదికి రావడంతో వారు ముట్టడి విడిచి వెళ్ళవలసి వచ్చింది. గఢ్వాల్ రాజు కప్పం కట్టడానికి ఒప్పుకొన్నాడు. తరువాతి సంవత్సరాలలో కరవు వచ్చింది. రాజాస్థానంలో అన్నదమ్ముల మధ్య, మంత్రుల మధ్య కలహాలు పెరిగాయి.

ఈ స్థితిలో 1803 సెప్టెంబరు 1వ తేదీన భూకంపం వచ్చింది. దాని పరిమాణం 7.5కు పైగా ఉండవచ్చునని నేటి శాస్త్రజ్ఞుల అంచనా. శ్రీనగరంలో రాజభవనంతో సహా ఇళ్ళు కూలిపోయాయి. భాగీరథి లోయలోని బారాహాట్, అనగా నేటి ఉత్తరకాశి, నేలమట్టమయింది. బదరీనాథ దేవాలయం దెబ్బతిన్నది. దూరాన ఢిల్లీలోని కుతుబ్‌మినారు పైకప్పు సైతం ఈ భూకంపానికి పడిపోయింది. 1808లో గంగ పుట్టినచోటును వెదకుతూ వెబ్, రేపర్, హియర్సే అనే ముగ్గురు ఈ ప్రాంతానికి వచ్చారు. అప్పటికి అయిదేండ్లు గడిచినా శ్రీనగరం ఇంకా శిథిలాల మధ్యనే ఉన్నట్లు రేపర్ వ్రాసిన యాత్రావృత్తాంతం వలన తెలుస్తున్నది.

గూర్ఖాలు ఈ అదను కనిపెట్టారు. అమర్‌సింగ్ థాపా, హస్తిదళ్ మొదలైన సేనానులు గఢ్వాల్ మీదికి దండెత్తి శ్రీనగరాన్ని పట్టుకొన్నారు. రాజు ప్రద్యుమ్న షా మైదానాలకు దిగి, సింహాసనాన్ని సైతం కుదువబెట్టి సైన్యం కూర్చుకొన్నాడని స్థానిక చరిత్రలు చెబుతాయి. 1804లో డెహ్రాడూను వద్ద ఖుర్బురా యుద్ధంలో ఆయన మరణించాడు. తరువాత పన్నెండేండ్లు గఢ్వాలులో గూర్ఖాల పాలన సాగింది. ఆ కాలాన్ని గఢ్వాలీలు నేటికీ 'గోర్ఖ్యాణీ' అని చెప్పుకొంటారు. కప్పాలు చెల్లించలేనివారిని బానిసలుగా హరద్వారం వద్ద అమ్మేవారు. ఆ అమ్మకాన్ని కూడ రేపర్ తన వృత్తాంతంలో వర్ణించాడు.

గఢ్వాల్ రాజ్యాన్ని భూకంపమే ఓడించిందా? అట్లా అనడం సరికాదు. భూకంపానికి ముందే కరవు ధాన్యాగారాలను, కలహాలు రాజాస్థానాన్ని గుల్ల చేశాయి. కూలిన ఇంటికి ఆసరా ఇవ్వగల పాలన లేనిచోట భూకంపం చివరి దెబ్బ అయింది. ఒకే తాకిడికి గట్టి గోడ నిలుస్తుంది, చెద తిన్న గోడ పడుతుంది. రాజ్యాల విషయమూ అంతే.

ఇక్కడ మరొక విశేషం చెప్పవలసి ఉన్నది. ఉత్తరకాశి పరిసరాలలో కోటీబనాల్ పద్ధతి అని పేరొందిన పాత ఇళ్ళున్నాయి. దేవదారు దూలాలను, రాతి వరుసలను ఒకదాని మీద ఒకటిగా పేర్చి, మూలలలో దూలాలను కొక్కెముల వలె బిగించి, నాలుగైదంతస్తులు కట్టేవారు. భూమి అదిరినప్పుడు రాతిగోడ పగులుతుంది. దూలాలు మాత్రం కొద్దిగా కదలి, అదురును పీల్చుకొంటాయి. వందల సంవత్సరాల నాటి ఇటువంటి ఇళ్ళు కొన్ని అనేక భూకంపాలను తట్టుకొని నిలిచి ఉన్నాయి. కొండ పంపిన హెచ్చరికను ఆ వడ్రంగులు తమ విద్యలోనే భద్రపరచుకొన్నారన్నమాట.

నాలాపాని కోట

1814లో ఈస్టిండియా కంపెనీకి, నేపాలుకు యుద్ధం మొదలైంది. డెహ్రాడూను సమీపంలో నాలాపాని కొండ మీది ఖలంగా కోటను బలభద్ర కున్వర్ అనే గూర్ఖా నాయకుడు రక్షిస్తున్నాడు. స్త్రీలు, పిల్లలతో కలిపి లోపల ఉన్నవారు సుమారు 600 మంది. అక్టోబరు 31న కంపెనీ సేనాని మేజర్ జనరల్ గిలెస్పీ స్వయంగా దాడి నడిపి అక్కడే నేలకొరిగాడు. నవంబరులో జరిగిన రెండవ దాడి కూడ విఫలమయింది.

ఫిరంగులు చేయలేని పనిని చివరకు దాహం చేసింది. కోటలో నీరు లేదు. అది బయటి ఊట నుంచి రావలసిందే. కంపెనీ సైన్యం ఆ నీటిదారిని అడ్డగించింది. నవంబరు 30న బలభద్రుడు మిగిలిన సుమారు 70 మందితో కోట విడిచి చీల్చుకొనిపోయాడు. తరువాత ఆంగ్లేయులు అక్కడ రెండు స్తంభాలు ప్రక్కప్రక్కనే నిలిపారు. ఒకటి గిలెస్పీకి, రెండవది శత్రువైన బలభద్రునికీ అతని వీరులకూ. అవి నేటికీ ఉన్నాయి.

1816లో ఖాయమైన సుగౌలీ సంధితో గూర్ఖా పాలన ముగిసింది. అలకనందకు తూర్పున ఉన్న భాగాన్ని, శ్రీనగరంతో సహా, కంపెనీ తనకు ఉంచుకొన్నది. పశ్చిమ భాగం ప్రద్యుమ్న షా కుమారుడు సుదర్శన షాకు దక్కింది. రాజధాని లేని రాజు భాగీరథి, భిలంగనా నదుల సంగమం వద్ద టెహ్రీ పట్టణాన్ని నిర్మించుకొన్నాడు. యుద్ధం వలన పుట్టిన ఆ పట్టణం 260 మీటర్ల ఎత్తు గల టెహ్రీ ఆనకట్ట వెనుక 2005, 2006 సంవత్సరాలలో నీట మునిగిపోయింది. దాని ప్రజలను ఎగువన కట్టిన కొత్త టెహ్రీకి, ఇతర చోట్లకు తరలించారు.

గోహనా సరస్సు

ఈ కొండల చరిత్రలో విద్యార్థులు తప్పక తెలుసుకొనవలసిన ఘట్టం 1893, 1894 సంవత్సరాలలో జరిగింది. అలకనందకు బిరహీ గంగ అనే ఉపనది ఉన్నది. 1893 సెప్టెంబరులో, వర్షాలు ముగిసే వేళకు, గోహనా గ్రామం వద్ద కొండ విరిగి ఈ నదికి అడ్డంగా పడింది. అక్కడి సున్నపురాతి పొరలు లోయ వైపుకు వాలి ఉన్నాయి. వాటి క్రింద మెత్తని పలకరాయి ఉన్నది. వాననీటికి ఆ పలకరాయి మెత్తబడి, మీది పొరలు జారిపోయాయి. ఏర్పడిన కట్ట ఎత్తు సుమారు 900 అడుగులు. దాని వెనుక నీరు నిలవడం మొదలై, కొండల నడుమ ఒక కొత్త సరస్సు పుట్టింది.

వార్త అధికారులకు చేరగా, ఇంజనీరు పుల్‌ఫర్డ్ వచ్చి చూచాడు. అంత పెద్ద కట్టను తొలగించడం గాని, దానికి గండి కొట్టి నీటిని మెల్లగా వదలడం గాని సాధ్యం కాదని తేలింది. అప్పుడు ఆయన వేసుకొన్న ప్రశ్న ఒక్కటే: నీరు కట్ట మీదుగా పొర్లేది ఎప్పుడు?

ఇది లెక్కకు అందే ప్రశ్న. ఎగువనుంచి ఎంత ప్రదేశపు నీరు ఈ లోయలోకి వస్తుంది, వర్షం ఎంత, వేసవిలో కరగే మంచు ఎంత, ఒక్కొక్క అడుగు ఎత్తు పెరగడానికి ఎంత నీరు కావాలి అనేవి తెలిస్తే రోజును అంచనా వేయవచ్చును. లోయ అడుగున ఇరుకు, పైన వెడల్పు గనుక, మొదట నీటిమట్టం త్వరగా పెరుగుతుంది. పైకి పోయిన కొద్దీ పెరుగుదల మందగిస్తుంది. దీనినంతా గణించి, 1894 ఆగస్టులో నీరు పొర్లుతుందని ఎన్నో నెలల ముందుగానే పుల్‌ఫర్డ్ చెప్పాడు. భూగర్భశాఖకు చెందిన హాలండ్ కూడ వచ్చి, కట్ట నిర్మాణాన్ని పరిశీలించి నివేదిక వ్రాశాడు.

లభించిన వ్యవధిని వృథా చేయలేదు. క్రూక్‌షాంక్ అనే యువ సైనిక ఇంజనీరును గోహనా వద్దనే కాపు ఉంచారు. అక్కడినుంచి హరద్వారం వరకు నది వెంబడి సుమారు 150 మైళ్ళ దూరం తంతి తీగ వేశారు. వరద ఎంతవరకు రాగలదో లెక్కకట్టి, కొండవాలుల మీద స్తంభాలు నాటి గుర్తులు పెట్టారు. ఆ గుర్తుకు దిగువన ఎవరూ ఉండరాదు. వ్రేలాడు వంతెనలను ముందుగానే విప్పివేశారు. హరద్వారం వద్ద గంగా కాలువ తలను కాపాడటానికి ఏర్పాట్లు జరిగాయి.

ఆగస్టు 25 ఉదయాన నీరు కట్ట మీదుగా పొర్లసాగింది. మట్టి, రాళ్ళతో ఏర్పడిన కట్ట మీద నీరు పారితే, పారిన దారి కోసుకుపోతుంది. దారి లోతయిన కొద్దీ ఎక్కువ నీరు పారుతుంది. ఎక్కువ నీరు పారిన కొద్దీ కోత మరింత ఎక్కువవుతుంది. ఆ రాత్రి సుమారు 11-30 గంటలకు కట్ట తెగింది. తెల్లవారేసరికి సరస్సు మట్టం 390 అడుగులు పడిపోయింది. ఒక్క రాత్రిలో దిగువకు పోయిన నీరు దాదాపు 1,000 కోట్ల ఘనపుటడుగులు. మన నీటిపారుదల లెక్కలలో చెప్పాలంటే అది 10 టి.ఎం.సి.లు. హైదరాబాదు గండిపేట చెరువు పూర్తిగా నిండితే పట్టేది 4 టి.ఎం.సి.ల లోపే. అటువంటి రెండు చెరువుల కన్న ఎక్కువ నీరు, చీకటిలో, ఇరుకైన కొండలోయ గుండా పరుగెత్తిందని ఊహించుకొనవలె.

శ్రీనగరం కొట్టుకుపోయింది. 1803 భూకంపాన్ని చూచిన పాత రాజధాని శిథిలాలు కూడ మిగలలేదు. నది ఒడ్డున బజార్లు, సత్రాలు తుడిచిపెట్టుకుపోయాయి. కాని మనుష్యులు? వరద మార్గం మొత్తం మీద చనిపోయినది ఐదుగురు. వారు ఒక ఫకీరు, అతని కుటుంబంవారు. వారిని కూడ అధికారులు అంతకుముందే అక్కడినుంచి తరలించారు. వారు మళ్ళీ తిరిగి వచ్చి అక్కడే ఉన్నారు. కొండ కదలికను ఆపలేకపోయినా, తీగ మీది వార్త నీటి కంటె ముందు పోయింది. ఆ వార్త చేరేసరికి ఎక్కడికి వెళ్ళవలెనో ప్రతి ఊరికీ తెలుసును. శ్రీనగరాన్ని తరువాత సమీపంలోనే ఎత్తైన నేల మీద, సూటి వీధులతో కొత్తగా నిర్మించారు.

సరిహద్దు, రోడ్డు, అడవి

గోహనా సరస్సు పూర్తిగా ఖాళీ కాలేదు. తెగిన కట్ట వెనుక ఒక చిన్న సరస్సు మిగిలి, ఇంకా 76 సంవత్సరాలు నిలిచింది. ఈలోగా మరొక యుద్ధం గఢ్వాల్ ముఖాన్ని మార్చింది.

1962లో భారత చైనా యుద్ధం జరిగింది. టిబెట్టుతో తరతరాలుగా ఉప్పు, ఉన్ని వ్యాపారం చేసే భోటియా ప్రజలకు కనుమలు మూతపడినవి. సరిహద్దు రక్షణకై లోయలలోకి మోటారు రోడ్లు వేయవలసి వచ్చింది. దేశరక్షణకు ఆ రోడ్లు అవసరమే. అయితే కొండవాలు పాదాన్ని తొలిచి రోడ్డు వేస్తే పైనున్న మట్టికి ఆసరా తగ్గుతుంది. అంతేగాక రోడ్డు పోయినచోటికల్లా కలప వ్యాపారి లారీ కూడ పోగలదు. అంతవరకు గొడ్డలి చేరని అడవులు వేలానికి వచ్చాయి.

1970 జూలై 20న అలకనంద ఎగువలోయలో కుంభవృష్టి కురిసింది. కొండచరియలు విరిగిపడ్డాయి. బేలాకూచి బజారు కొట్టుకుపోయింది. గోహనాలో మిగిలిన సరస్సు రాళ్ళు, మట్టితో పూడి, తెగిపోయింది. ఆ వరద తెచ్చిన ఒండ్రు హరద్వారం దాటి మైదానంలోని గంగా కాలువను కొన్ని మైళ్ళ మేర పూడ్చివేసింది. ఈసారి తంతి తీగ మీద ఎవరూ ముందుగా వార్త పంపలేదు.

వరద బాధితులకు సహాయం చేయడానికి వెళ్ళిన వారిలో చండీప్రసాద్ భట్, ఆయన 1964లో స్థాపించిన సంస్థకు చెందిన కార్యకర్తలు ఉన్నారు. ఊరూరా తిరిగి చూచిన మీదట, అడవి నరికిన వాలులలో చరియలు ఎక్కువగా విరిగాయని వారికి తోచింది. ఇందులో శాస్త్రీయంగా ఎంత నిజమున్నది? చెట్ల వేళ్ళు పైపై మట్టిని వలవలె పట్టి ఉంచుతాయి. ఆకులు, నేల మీది తుక్కు వాననీటి వేగాన్ని తగ్గిస్తాయి. కనుక చిన్న, మధ్యరకపు చరియలకు అడవి గట్టి రక్ష. గోహనా వంటి చోట కొండకు కొండే జారినప్పుడు మాత్రం వేళ్ళు చేయగలిగినది లేదు. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటే, ఆ గ్రామస్థుల పరిశీలన విలువ తగ్గదు, దాని పరిధి స్పష్టమవుతుంది.

1973 ఏప్రిల్లో మండల్ వద్ద, క్రీడాపరికరాల తయారీకి ఇచ్చిన చెట్లను నరకనీయక గ్రామస్థులు అడ్డుపడ్డారు. చెట్టును కౌగిలించుకొని కాపాడే ఈ ఉద్యమానికి చిప్కో అని పేరు వచ్చింది. మరుసటి సంవత్సరం, జోషీమఠానికి పైనున్న రేణీ గ్రామం వద్ద సుమారు 2,500 చెట్లు వేలమయ్యాయి. 1974 మార్చి 26న, 1962 యుద్ధానంతరం సైన్యం తీసుకొన్న భూములకు నష్టపరిహారం ఇస్తారని మగవారినందరినీ చమోలీకి పిలిచారు. అదే రోజున కూలీలు గొడ్డళ్ళతో అడవికి వచ్చారు. ఒక బాలిక చూచి కబురు చెప్పింది. మహిళామండలి పెద్ద అయిన గౌరాదేవి 27 మంది స్త్రీలను, బాలికలను వెంటబెట్టుకొని వెళ్ళి, ఆ అడవి తమకు పుట్టినిల్లు వంటిదని చెప్పి, కూలీలకు అడ్డం నిలిచింది. తుపాకి చూపి బెదరించినా వారు కదలలేదు. కూలీలు తిరిగిపోయారు.

తరువాత ప్రభుత్వం వృక్షశాస్త్రజ్ఞుడు వీరేంద్రకుమార్ అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. స్త్రీలు చెప్పినదే నిజమని ఆ సంఘం నివేదించగా, అలకనంద ఎగువభాగంలో పదేండ్లపాటు అడవి నరకడం నిలిపివేశారు. 1980 తరువాత, ఆనాటి ఉత్తరప్రదేశ్ హిమాలయ ప్రాంతంలో 1,000 మీటర్లకు పైన పచ్చని చెట్లు నరకడాన్ని 15 సంవత్సరాలపాటు నిషేధించారు.

రెండు హెచ్చరికలు

రేణీకి దిగువనున్న జోషీమఠం ఒక పురాతనపు కొండచరియ తెచ్చిపోసిన మట్టి, బండల గుట్ట మీద నిలిచిన పట్టణం. అక్కడ నేల దిగబడుతున్నదని తెలిసి ప్రభుత్వం నియమించిన మిశ్రా సంఘం 1976లో నివేదిక ఇచ్చింది. బండలను త్రవ్వరాదు, మందుగుండుతో పేల్చరాదు, పరీక్ష లేకుండా భారీ కట్టడాలు కట్టరాదు, మురుగునీటికి సరియైన కాలువలు కావలె, వాలులలో చెట్లు పెంచవలె అని ఆ సంఘం సూచించింది. ఈ మాటలు కఠినమైన గణితం కాదు, ఎవరికైనా అర్థమయ్యేవి. అయినా పట్టణం పెరిగింది, అంతస్తులు పెరిగాయి, నీరు నేలలోకి ఇంకుతూనే ఉన్నది. 2023 జనవరిలో 800కు పైగా ఇళ్ళు బీటలు వారాయి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, 2022 డిసెంబరు 27, 2023 జనవరి 8 మధ్య, అనగా 12 రోజులలో, పట్టణంలో కొంత భాగం 5.4 సెంటీమీటర్లు దిగినట్లు తెలిపింది. 47 సంవత్సరాల వ్యవధి ఉన్న హెచ్చరిక అది. గోహనా ఇంజనీర్లకు దొరికిన వ్యవధి ఒక్క సంవత్సరం కూడ లేదు.

రెండవది రేణీ కథ. 2021 ఫిబ్రవరి 7, ఆదివారం ఉదయం, రోంటీ శిఖరపు వాలు మీద సుమారు 5,500 మీటర్ల ఎత్తున ఒక పెద్ద బండ, మంచుతో సహా విడిపోయింది. దాని ఘనపరిమాణం సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్లు. అది దాదాపు 1,800 మీటర్ల లోతుకు పడేసరికి, రాపిడివల్ల పుట్టిన వేడికి మంచు కరిగి నీరయింది. రాయి, నీరు, బురద కలిసి ఋషిగంగ, ధౌళీగంగ లోయలలో పరుగెత్తాయి. రేణీ వద్దనున్న చిన్న జలవిద్యుత్కేంద్రం పూర్తిగా పోయింది. దిగువన తపోవనం వద్ద నిర్మాణంలో ఉన్న కేంద్రంలోకి, దాని సొరంగంలోకి బురద చొచ్చుకుపోయింది. 200 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. వారిలో అత్యధికులు అక్కడ పనిచేస్తున్న కూలీలు.

ఎగువ వాలుల మీదనున్న గ్రామస్థులు వరదను చూచి, కేకలు వేసి, ఈలలు వేసి, క్రింద పనిచేసేవారిని హెచ్చరించారు. అది విని పరుగెత్తినవారు బ్రతికారు. సొరంగంలో ఉన్నవారికి కేక వినిపించలేదు. తరువాత శాస్త్రజ్ఞులు పాత ఉపగ్రహ చిత్రాలను తిరగవేయగా, విడిపోయిన బండ పైభాగాన చీలిక అంతకుముందు సంవత్సరాలలోనే తెరుచుకొంటున్నట్లు కనిపించింది. కబురు ఆకాశంలో సిద్ధంగానే ఉన్నది. దానిని చూచి, చదివి, లోయలోనికి చేరవేసే ఏర్పాటు మాత్రం లేదు. 127 సంవత్సరాల క్రితం ఒక తంతి తీగ చేసిన పని, అంతరిక్షంలో ఉపగ్రహాలున్న కాలంలో జరగలేదు. అంతకు రెండేండ్ల ముందే, 2019లో, ఆ ప్రాజెక్టు వద్ద జరుగుతున్న పేలుళ్ళ గురించి రేణీవాసులు హైకోర్టును ఆశ్రయించి ఉన్నారు. 47 ఏండ్ల క్రితం గొడ్డలికి అడ్డం నిలిచిన గ్రామమే అది.

ఈ విపత్తు తరువాత రేణీ వద్ద నీటిమట్టాన్ని కనిపెట్టే పరికరం, సైరను అమర్చారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు ఉత్తరాఖండంలో నెలకొల్పిన భూకంపమాపకాలు భూకంపాలనే కాక, కొండ విరిగిపడినప్పుడు పుట్టే కంపనాలను కూడ పట్టగలవు. కంపనం శిలలో సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో పోతుంది. వరద ఎంత వడిగా వచ్చినా సెకనుకు కొన్ని మీటర్లు, మహా అయితే కొన్ని పదుల మీటర్లు మాత్రమే వస్తుంది. ఆ రెండింటి మధ్యనున్న నిమిషాలే మనకు దక్కే వ్యవధి. తంతి తీగ సూత్రమే ఇది; సాధనం మాత్రం క్రొత్తది.

రానున్న పరీక్ష

1803 తరువాత గఢ్వాలులో అంతటి భూకంపం రాలేదు. 1991 అక్టోబరు 20న ఉత్తరకాశిలో 6.8 పరిమాణం గల భూకంపం, 1999 మార్చి 29న చమోలీలో మరొకటి వచ్చాయి. ఇళ్ళు కూలి వందలమంది మరణించారు. అయినా అవి చిన్నవి. పరిమాణం ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. సంవత్సరానికి 2 సెంటీమీటర్ల చొప్పున 220 సంవత్సరాలలో కూడుకొనే కదలిక 4 మీటర్లకు పైగా ఉంటుంది. అందులో చిన్న భూకంపాలు సడలించినది కొద్దిపాటి మాత్రమే. పెద్ద భూకంపం ఏ రోజున వస్తుందో చెప్పగల శాస్త్రం నేటికి లేదు. రాగలదని మాత్రం శాస్త్రం చెబుతూనే ఉన్నది.

ఈ రెండు శతాబ్దాలలో గఢ్వాల్ ప్రజలు పొందిన అనుభవం గొప్పది. దూలాలతో ఇల్లు కట్టిన వడ్రంగికి, నీటి లెక్క వేసిన ఇంజనీరుకు, అడవికి అడ్డం నిలిచిన గౌరాదేవికి చదువులో పోలిక లేదు. కాని ముగ్గురూ కొండను జాగ్రత్తగా గమనించి, గమనించినదానిని నమ్మి, నమ్మినదాని ప్రకారం సకాలంలో పనిచేశారు. శాస్త్రీయ దృష్టి అనే మాటకు ఇంతకన్న వేరు అర్థం లేదు. 1894లో శ్రీనగరం పోయింది, శ్రీనగరవాసులు మిగిలారు. పోయిన ఊరిని వారు మళ్ళీ కట్టుకొన్నారు. మిశ్రా సంఘపు నివేదిక కూడ అటువంటి కబురే. 47 ఏండ్లపాటు అది కాగితం మీదనే ఉండిపోయింది.